కుడి వెనక చక్రం

లెక్కల టీచరు కారు అదే ఫిర్యాదుతో మా షెడ్డుకి మూడోసారి వచ్చింది సోమవారం పొద్దున. ఆవిడ దిగుతూనే చేతిసంచిలోంచి గళ్ళ నోటుబుక్కు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు.

“చదువు,” అన్నారు.

చదివాను. తేదీ, వేళ, బండి ఎక్కడ ఆపారు, ఎన్ని సెకన్లు. స్కేలు పెట్టి గీసిన నాలుగు నిలువు గళ్ళు. ‘బుధవారం, ఏడూ పది, ఇంటి ముందు ఏటవాలు, రెండు సెకన్లు. బుధవారం, సాయంత్రం ఐదు, మందుల షాపు, రెండు సెకన్లు.’ అలా పదకొండు రోజులు. అడుగున రెండు గీతలు కొట్టి మొత్తం కూడా వేశారు.

“ముప్పై ఒక్కసార్లు హ్యాండ్‌బ్రేకు వేశాను. ముప్పై ఒక్కసార్లూ కూసింది. మీ నాన్న ఇప్పటికి రెండుసార్లు చూసి శబ్దమే లేదన్నాడు. ఇద్దర్లో ఎవరమో ఒకరం తప్పు. నేనైతే రాసిపెట్టుకున్నాను మరి.”

“కూర్చోండి టీచర్, నాన్నని పిలుస్తాను,” అన్నాను.

ఆవిడ నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది కావడానికి సగం కారణం ఆవిడ. మిగతా సగం మా నాన్న. ఆ పొద్దున ఇద్దరూ నా బల్లకి చెరోవైపు నిలబడ్డారు.

నా పని జాబ్ కార్డులు రాయడం. బండి ఏ తిప్పలతో వచ్చింది, ఎవరు చూశారు, ఏం చేశారు, అన్నీ అందులో ఎక్కాలి. డిగ్రీ అయ్యాక ఇంకో ఉద్యోగం దొరికేదాకా అనుకుని చేరాను. మూడేళ్ళయింది. నాన్న ఇదే షెడ్డులో హెడ్ మేస్త్రి. అందరూ చెవి మేస్త్రి అంటారు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే, టీ గ్లాసు కింద పెట్టకుండా, “వాటర్ పంపు బేరింగు పోయింది, బానెట్ ఎత్తండి,” అనేవాడు. అదే అయ్యేది. చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటుంది ఆయనకి. దాని మొన ఇంజను మీద, పిడి చెవి కింద ఎముక మీద ఆనించి వింటాడు. ముప్పై ఏళ్ళు అలా ఆనించీ ఆనించీ ఆ పిడి ఒకవైపు నున్నగా అరిగిపోయింది.

అందుకే మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. శబ్దం ఉందని వచ్చిన బండికి కార్డులో ‘విని చూసినవారు’ అని వేరే గడి. అందులో మా నాన్న ఒక్కడే సంతకం పెట్టాలి. పెట్టాక ఆ బండిని ఇంకెవరూ వినరు, విప్పరు. ఓనరు పెట్టిన రూలు అది. ఆయన పదహారేళ్ళప్పుడు మా నాన్న దగ్గరే స్పానర్ పట్టడం నేర్చుకున్నాడు. నాన్నకి మోకాళ్ళు అరిగి గేరుబాక్సులు దించడం మానేసి నాలుగేళ్ళు దాటింది. అయినా హెడ్ మేస్త్రిగా ఉన్నాడంటే ఆ గడిలో సంతకం వల్లే.

టీచరు బండికి లాగే హ్యాండ్‌బ్రేకు కర్ర లేదు. గేరు పక్కన వేలెడంత బటన్ ఉంటుంది. నొక్కితే వెనక చక్రాలకి చెరో చిన్న మోటారు తిరిగి, బ్రేకు ప్యాడ్లతో చక్రం డిస్కుని బిగించి పట్టుకుంటుంది. మామూలుగా అయితే ‘జుయ్’మంటుంది, అంతే. రెండుసార్లూ నాన్న ‘శబ్దం లేదు’ అని రాయించి సంతకం పెట్టాడు. రెండుసార్లూ నేను వినలేదు, ఆయన చెప్పింది రాశాను. నాకు ఆ అలవాటు లేదు. నాన్న విన్నాక నేను వినడం ఏమిటి?

ఆ రోజు మాత్రం నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. తను వెళ్ళి కుడి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చక్రం ఉండగా స్క్రూడ్రైవరు మొన లోపలికి పోదు కాబట్టి, చెవి టైరుకి దగ్గరగా వంచాడు. టీచరు గోడ వారగా బల్ల మీద కూర్చున్నారు. పక్కన మా కరెంటాయన, అంటే షెడ్డు ఎలక్ట్రీషియన్, ఏదో బండి డాష్‌బోర్డు ఊడదీస్తున్నాడు.

“నొక్కు,” అన్నాడు నాన్న.

నొక్కాను.

కీచుమని కూసింది. పలక మీద గోరు గీకినట్టు, రెండు సెకన్లు నిండా. నా పళ్ళు జివ్వుమన్నాయి. కరెంటాయన తల తిప్పి చూశాడు. టీచరు కలం తీసి బుక్కులో రాసుకున్నారు.

“నొక్కు తల్లీ,” అన్నాడు నాన్న. “ఎంతసేపు కూచోబెడతావు? మోకాళ్ళు పట్టేస్తున్నాయి.”

పక్క అద్దంలో చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, తల ఒకవైపు వాల్చి, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. హాస్యమాడడం లేదు. 

నొక్కాను నాన్నా అని అనొచ్చు, అనలేదు. “ఇదిగో, నొక్కుతున్నా,” అన్నాను. బ్రేకు వదిలి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే కూత. నాన్న ఒక క్షణం ఆగి, నేల మీద చెయ్యి ఆనించి లేచాడు.

“ఏమీ లేదండీ టీచరమ్మా. మీ ఇంటి దగ్గర గోడలు దగ్గరగా ఉన్నాయేమో, చిన్న చప్పుడు కూడా పెద్దగా తిప్పికొడుతుంది.”

టీచరు ఆయన్ని చూడలేదు. నన్ను చూశారు. “నువ్వు విన్నావా?”

“మేస్త్రి గారు విన్నారు కదండీ.”

“ఆయన్ని కాదు, నిన్నడిగాను.”

ఎనిమిదో తరగతిలో పక్కమ్మాయి కాగితంలోంచి జవాబు దించుకున్నప్పుడు ఇదే గొంతు. నేను కార్డు మీదికి తల వంచాను. నాన్న నా చేతిలోంచి కలం తీసుకుని ‘విని చూసినవారు’ గడిలో సంతకం చేశాడు. గాజు గదిలోంచి ఓనరు బయటికి వచ్చి, “అయిపోయిందిగా? తాళాలు ఇచ్చెయ్యమ్మా,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

తాళాలు నా గుప్పిట్లో ఉన్నాయి. టీచరు చెయ్యి చాపారు. ఆవిడ ఇల్లు నాకు తెలుసు. గేటు ముందు ఏటవాలు, ఏటవాలు దిగితే రోడ్డు, రోడ్డుకి అవతల బస్సు ఆగే చోటు. పొద్దున ఏడింటికి అక్కడ పది మంది నిలబడి ఉంటారు. బండి మొత్తాన్నీ ఆ ఏటవాలు మీద ఆపి ఉంచేది ఈ కూసే బ్రేకే.

“టీచర్, బండి ఇవాళ ఇవ్వను,” అన్నాను.

“ఏంటమ్మా?” అన్నాడు నాన్న.

“కాగితం పని ఒకటి మిగిలింది నాన్నా.” అబద్ధం. మా నాన్నకి నేను చెప్పిన అబద్ధాల్లో అది ఆ రోజుకి రెండోది.

టీచరు నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నారు. “బస్సులో పోతాలే. కాగితం పని బాగా చెయ్యి,” అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం షెడ్డు వెనక, ఏదో కారులోంచి ఊడదీసిన పాత సీటు మీద కూర్చుని ఇద్దరం భోజనం డబ్బాలు విప్పుతాం. రోజూ అదే చోటు. ఆ రోజు ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“నాన్నా, పొద్దున నువ్వు నొక్కు నొక్కు అన్నప్పుడు నేను అప్పటికే నొక్కేశాను.”

“ఎప్పుడు?”

“మొదటిసారి అనగానే. కూసింది కూడా.”

ఆయన నములుతున్నవాడు ఆగాడు. “గట్టిగానా?”

“కరెంటాయన తల తిప్పాడు.”

నాన్న డబ్బా మూత చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, అందులో ఏదో ఉన్నట్టు.

“ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేస్తే కూత వచ్చేది కదా,” అన్నాను. “ఏడాది కిందట అది పాడైపోయిందన్నావు, గుర్తుందా?”

“మీ అమ్మ బాగు చేయించిందా?”

“అసలు పాడవలేదు నాన్నా. రోజూ కూస్తోంది. నువ్వు తలుపు తెరిచి నీళ్ళు తాగుతూ నిలబడితే అమ్మ వచ్చి మూస్తుంది.”

“నా మీద విసుక్కుంటుంటే వయసు వల్ల అనుకున్నా.” కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వలేదు. “లావు శబ్దాలు బాగానే వినపడుతున్నాయి తల్లీ. ఇంజను, లారీ, మన ఓనరు కేకలు. ఈ సన్నవే. నేనేమో కొత్త బళ్ళు మంచిగా చేస్తున్నారనుకున్నాను. చప్పుడు లేకుండా.”

నా దగ్గర పొద్దుటి నుంచీ ఆలోచించి పెట్టుకున్న ఉపాయం ఒకటుంది. అది బయటపెట్టాను.

“ఎవరికీ చెప్పక్కర్లేదు నాన్నా. శబ్దం బండి వచ్చినప్పుడు నేను నీ పక్కనే నిలబడతాను, కార్డు పట్టుకుని. శబ్దం వస్తే దగ్గుతాను. ముందు చక్రం దగ్గరైతే ఒకసారి, వెనకైతే రెండుసార్లు. ఎక్కడో నేను చెప్తా, ఏమిటో నువ్వు చెప్పు. నీకు తెలియంది ఏముంది?”

నాన్న శ్రద్ధగా విన్నాడు. కాదనేస్తాడనుకున్నాను గానీ, నిజంగానే ఆలోచించాడు. 

“కుడి, ఎడమ?”

“కుడైతే కుడిచేత్తో కలం.”

“మరి నువ్వు సెలవు పెడితే?”

“పెట్టను.”

“పెళ్ళయితే?”

“ఇక్కడికి దగ్గర్లో వాణ్ణే చూడు.”

“దగ్గీ దగ్గీ నీకేదో జబ్బని అందరూ దూరం జరుగుతారు. దగ్గర్లో వాడు కాదు గదా, దూరంలో వాడూ రాడు,” అని డబ్బా మూత పెట్టేశాడు. “నీకు చదువు చెప్పించింది నా చెవి పక్కన దగ్గడానికి కాదులే. పద, ముందు ఆ చక్రం విప్పుదాం. కూసిందంటే ఏదో ఉంది కదా.”

“సంతకం పెట్టాక విప్పకూడదు కదా నాన్నా?”

“సంతకం పెట్టింది నేనే కదా. విప్పేది కూడా నేనే.”

జాకీ వేసి కుడి వెనక చక్రం దించాడు. ప్యాడ్లని పట్టుకునే క్యాలిపర్ వెనక ఉన్న మోటారుకి రెండు స్క్రూలు. అవి తీసి దాన్ని బయటికి లాగాడు, అరచేతిలో పట్టేంత ఉంది. మధ్యలో ఉన్న చిన్న ఇరుసుని వేళ్ళతో మెల్లగా తిప్పుతూ, కళ్ళు మూసుకున్నాడు. ఇంజను దగ్గర వింటున్నప్పుడు ఎలా మూసుకుంటాడో అలాగే.

“ఇదిగో. ఇక్కడ ఆగి దూకుతోంది. లోపల గేరు పళ్ళు దెబ్బతిన్నాయి. నువ్వు పట్టుకో.”

నేను తిప్పి చూశాను. నా వేలికి ఏమీ తెలియలేదు. 

“నాకేం తగలట్లేదు నాన్నా.”

“నీకు తగలదు. నాకు వినపడదు. సరిపోయింది,” అన్నాడు.

ఎడమవైపుది కూడా విప్పి చూశాడు. అది నూనె రాసినట్టు తిరిగింది. రెండు మోటార్లూ పాత గుడ్డ మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒకే వయసు, ఒకే బండి, ఒకటి మాత్రమే ఎందుకు పోయింది అన్నది ఆయన్ని పట్టుకుంది.

“ఈ బండికి వెనక ప్యాడ్లు ఎప్పుడు మార్చాం? ఎవరు మార్చారు?”

కార్డులు నా దగ్గరే ఉంటాయి. వెళ్ళి వెతికాను. నాలుగు నెలల కిందటిది దొరికింది. తీసుకొచ్చి ఏమీ అనకుండా ఆయన చేతికిచ్చాను. పని చేసినవారు గడిలో ఆయన సంతకమే.

నాన్న కరెంటాయన్ని కేకేశాడు. “ఒకసారి ఆ స్కానర్ పట్టుకురావయ్యా. బటన్ బ్రేకుకి ప్యాడ్లు మార్చేటప్పుడు ఏం చేస్తావో నాకు చెప్పు.”

“నేను మీకు చెప్పడమేంటి మేస్త్రీ?”

“చెప్పవయ్యా బాబూ.”

కరెంటాయన నా వైపు చూశాడు, నేను తల ఊపాను. “ఏముంది? బండి కంప్యూటరుకి స్కానర్ తగిలించి సర్వీస్ నొక్కితే రెండు మోటార్లూ వెనక్కి తిరుగుతాయి. ఆరు సెకన్లో ఏడు సెకన్లో పడుతుంది. తెర మీద పచ్చ గుర్తు వచ్చాకే ప్యాడ్లని నెట్టే పిస్టన్ ముట్టుకోవాలి. ముందే తోస్తే లోపల తిరుగుతున్న మోటారు మీద బలం పడి గేరు పళ్ళు లేచిపోతాయి.”

“తెర నేనెప్పుడు చూశాను?” అన్నాడు నాన్న, మెల్లగా. “మొదట్లో ‘టక్’ మంటుంది. అది వినపడుతుంది నాకు. ఆ తర్వాత తిరిగేటప్పుడు సన్నగా ఏదో వస్తుంది కాబోలు, అది వినపడదు. టక్ అంది, నిశ్శబ్దం అయింది, అయిపోయిందనుకుని కుడివైపు పిస్టన్ తోసేశాను. అది పూర్తి చేసి ఎడమవైపుకి వెళ్ళేసరికి ఆ మోటారు ఎలాగూ ఆగిపోయి ఉంటుంది. అందుకే అది బాగుంది, ఇది పోయింది.”

కరెంటాయన స్కానర్ తీగ చుట్టుకుంటూ, “షెడ్డు ఫోను రింగు మార్చాను చూశారా మేస్త్రీ, డోలు వాయించినట్టు?” అన్నాడు.

“దరిద్రంగా ఉంది. ఎందుకు మార్చావు?”

“అంతకుముందుది మీ పక్కన మోగినా మీరు తీసేవారు కాదు.”

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“చెప్దామనే అనుకున్నా. మీ చెవి మీద మాకున్న నమ్మకం అలాంటిది. మీరే వినట్లేదంటే ఫోనుదే తప్పు అనుకున్నా ఓ నెల,” అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, “డిగ్రీ మేడం చెప్తుందిలే అని వదిలేశాను,” అన్నాడు. మేడం చెప్పడానికి ఏడాది పట్టింది. ఫ్రిజ్ కూత నేను రోజూ విన్నాను. విని, దాన్నీ నాన్న చెవినీ కలిపి చూడలేదు. చూడాలనుకోలేదేమో కూడా.

నాన్న చేతులు తుడుచుకుని, గాజు గది వైపు నడిచాడు. “కార్డులు పట్టుకుని నువ్వూ రా,” అన్నాడు. 

నేను ముందు నా బల్ల దగ్గరికి వెళ్ళాను. ఈ ఏడాదిలో బటన్ బ్రేకు బళ్ళు ఎన్నిటికి వెనక ప్యాడ్లు మార్చామో ఏరాను. ఏడు. అందులో నాన్న చేసినవి నాలుగు, టీచరుదాంతో కలిపి. ఆ నాలుగూ పైన పెట్టుకుని వెళ్ళాను.

ఓనరు ముందర నాన్న ఎప్పుడూ ‘సార్’ అనే అంటాడు, పదిమందిలో మర్యాదగా ఉండాలని. ఆ రోజు తలుపు వేసి, “ఒరేయ్,” అన్నాడు.

ఓనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పాత అలవాటు.

“టీచరమ్మ బండి పాడుచేసింది నేనే. ప్యాడ్లు మార్చినప్పుడు మోటారు ఆగకుండా పిస్టన్ తోశాను. తర్వాత రెండుసార్లు, ఇవాళ మూడోసారి, శబ్దం లేదని సంతకం పెట్టాను. లేక కాదు. నాకు వినపడలేదు. సన్న శబ్దాలు నాకు వినపడట్లేదు.”

ఓనరు నన్ను చూశాడు. నేను కార్డులు బల్ల మీద పెట్టాను.

“మెల్లగా మేస్త్రీ. ఏదో ఒక్క బండికి...”

“ఇంకో మూడు ఉన్నాయండీ,” అన్నాను. “నాన్న చేసినవి. వాటికి కూత మొదలవ్వకపోయి ఉండొచ్చు. పిలిచి చూడాలి.”

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. కిటికీలోంచి బయట గోడ మీద బోర్డు కనపడుతోంది. ‘ఏ శబ్దమైనా ఒక్కసారి వింటే చాలు’ అని ఆయనే రాయించాడు. ఆయన అటే చూస్తున్నాడు.

“పిలిచి ఏమని చెప్తాం? మా చెవి మేస్త్రికి చెవులు వినపడట్లేదు, మీ బండి తీసుకురండి అనా?”

“బ్రేకు ఒకసారి సరిచూడాలి, తప్పు మాదే అని చెప్తాను,” అన్నాను. “ఫోను చేసేది నేనే కాబట్టి మాటలు నేను చూసుకుంటాను. కానీ ఇవాళే చెయ్యాలండీ. ఏటవాలు మీద ఆపేవాళ్ళు ఉంటారు.”

“ఇవాళే చెయ్యమ్మా,” అన్నాడు ఓనరు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. “మేస్త్రీ, ముందు చెవి డాక్టరుకి చూపించుకోండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.”

“తర్వాత కాదురా. ఆ గడిలో సంతకం ఇంక నేను పెట్టను. అది ఇప్పుడే తేల్చు. నన్ను ఉంచుతావో ఇంటికి పంపుతావో అది నీ ఇష్టం.”

“ఇంటికి పంపితే, పని నేర్పినాయన్నే పంపేశాడని ఊరంతా అంటారు.”

“ఊరి కోసమైతే వద్దు.”

ఓనరు కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. “మోటారు పళ్ళు పోయాయని ఎలా తెలిసింది మీకు? వినపడలేదన్నారు కదా?”

“చేత్తో తిప్పి.”

“నాకైతే చేత్తో తెలిసేది కాదు,” అన్నాడు ఓనరు. అది ఉంచడమో పంపడమో మాకిద్దరికీ అర్థం కాలేదు. నేను బయటికొచ్చి ఫోన్లు మొదలుపెట్టాను.

మూడు బళ్ళూ బుధవారంలోగా వచ్చాయి. రెండు బాగానే ఉన్నాయి. మూడోదానికి కుడివైపు మోటారు ఇంకా కూయడం లేదు గానీ, నాన్న వేళ్ళకి తగిలింది. బండి ఆయన, “బాగానే ఉంది కదండీ, ఎందుకు మారుస్తున్నారు?” అని అడిగాడు. “బాగుండగానే మారుస్తున్నామండీ,” అన్నాడు నాన్న.

బుధవారం సాయంత్రం చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గాజు గదిలో నాన్నని కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కాలి. నేను బయట నిలబడ్డాను. డాక్టరమ్మ ముందున్న పెట్టె మీద ఒక్కో శబ్దానికి ఒక్కో దీపం వెలుగుతోంది. మొదట దీపం వెలిగినప్పుడల్లా నాన్న బొటనవేలు కదిలింది. తర్వాత దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, వేలు ఊరుకుంది. ఆయన కళ్ళు మూసుకుని ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. నేను అటు తిరిగి గోడ మీద కాగితాలు చదువుకున్నాను. చెవికి మిషను పెట్టుకుంటే కొంత మేలంది డాక్టరమ్మ, అన్నీ తిరిగి రావని కూడా చెప్పింది.

గురువారం టీచరు వచ్చారు. కొత్త మోటారు బిగించి బండి సిద్ధంగా ఉంది. నాన్న ఎదురెళ్ళి, నేను చెప్పబోయేలోపే, తనే అంతా చెప్పాడు. ప్యాడ్లు, పిస్టన్, చెవి. ఆవిడ మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నారు.

“మొదటిసారే చెప్పి ఉంటే పదకొండు రోజులు గళ్ళు గీసేదాన్ని కాదు కదయ్యా,” అన్నారు.

“మొదటిసారి నాకే తెలీదండీ.”

“అదీ నిజమే.” నా వైపు తిరిగారు. “నీకు తెలుసు. నేనడిగినప్పుడు చెప్పలేదు.”

“చెప్పలేదు టీచర్.”

“తాళాలు ఇవ్వలేదు, అది నయం. సగం మార్కులు.”

“సగమేనా టీచర్?”

“జవాబు కరెక్టే. స్టెప్పులు చూపించలేదు,” అని కారెక్కారు.

షెడ్డు గేటు దగ్గర రోడ్డులోకి దిగే ఏటవాలు ఉంది. అక్కడ ఆపి నొక్కి చూపించమన్నాడు నాన్న. నేను కార్డు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఓనరు ఆ వారమే కార్డులు మార్పించాడు. ‘విని చూసినవారు’ అన్న గడి తీసేసి, రెండు వేయించాడు. ఒకటి ‘విన్నవారు’, రెండోది ‘పట్టి చూసినవారు’. రెండు సంతకాలూ లేనిదే బండి గేటు దాటకూడదు. నాన్నని ఏం చేస్తాడో ఆయన మాటల్లో చెప్పలేదు, ఆ కాగితం పంపించాడు. గోడ మీద బోర్డు మాత్రం ఇంకా అలాగే ఉంది. పెయింటరు వచ్చే వారం వస్తానన్నాడు.

నాన్న కుడి వెనక చక్రం మీద రేకుకి అరచెయ్యి ఆనించాడు. “ఆఁ, టీచరమ్మా.”

ఆవిడ నొక్కారు. నాన్న చూపుడు వేలు రేకు మీద నుంచి లేచింది, మోటారు తిరిగినంతసేపూ పైనే ఉంది, ఆగగానే దిగింది. ఎక్కడా తప్పలేదు. టీచరు పాదం బ్రేకు మీద నుంచి తీసేశారు. బండి అంగుళం కూడా కదలలేదు.

ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బొటనవేలు చూపించి, నోటుబుక్కు తీసి, ఏదో రాసి, అడ్డంగా గీత కొట్టేశారు.

నాన్న రెండో గడిలో సంతకం చేసి కలం నాకిచ్చాడు. మొదటి గడి ఖాళీగా ఉంది. మూడేళ్ళుగా ఆ కార్డులన్నీ నేనే రాస్తున్నాను గానీ, నా సంతకం పెట్టే చోటు అందులో ఎప్పుడూ లేదు. 

“ఎలా ఉందమ్మా శబ్దం?” అన్నాడు.

“బాగుంది నాన్నా.”

“బాగుందంటే? సరిగ్గా చెప్పు.”

“జుయ్‌మని మొదలైంది. సన్నగా, ఒకే తీరుగా. మధ్యలో ఎక్కడా గీకలేదు. చివర్లో కొంచెం బరువెక్కి, చిన్నగా ‘టప్’మని ఆగింది.”

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. 

“రెండువైపులా ఒకేసారి ఆగాయా?”

“ఒకేసారి.”

“అయితే పెట్టు సంతకం,” అన్నాడు.